మంచుపెట్టెలోని పంకా

గడచిన వేసవిలో నొకనాఁడు, ఉదయమునఁ గాఁచి ఫ్రిజ్జులో నుంచిన పాలు సాయంకాలమునకే విఱిగినవి. పై యఱలోని మంచుగడ్డలు మాత్రము చెక్కుచెదరలేదు. పాలు పోయినఁ బోవుఁగాక, మా యత్తగారి యిన్సులిన్ సీసాలును క్రిందియఱలోనే యున్నవి. అవి 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నుండవలసినవి. వానిని విడిచి, వైద్యు నడిగి క్రొత్తవి తెప్పించి, పొరుగింటి ఫ్రిజ్జులో నుంచితిమి.

వచ్చిన మరమ్మతువాఁడు కంప్రెసరు పోయినదనెను. మా కిది పొసఁగలేదు. కంప్రెసరే పోయినచోఁ బైని మంచెట్లు నిలుచును?

సోదరీమణులారా, ఫ్రాస్ట్‌ఫ్రీ యను తరగతి ఫ్రిజ్జులలోఁ జల్లదనమిచ్చు గొట్టములు ఫ్రీజరు వెనుకపలక చాటున నుండును. అచటి చిన్న పంకాయే చలిగాలిని క్రిందికిఁ బంపును. అది నిలిచెనా, పైన మంచు, క్రింద వెచ్చదనము! తలుపు తీసినప్పుడు పంకా యాగుట సహజము. కావునఁ దలుపు తెఱచి, ద్వారపుటంచునందలి మీటను వ్రేల నొక్కిపట్టి చెవియొగ్గితిమి. గరగరమని యొక సద్దు, పిదప నిశ్శబ్దము. పంకారెక్కలు మంచునకుఁ దగులుచున్నవి.

ప్లగ్గు పెఱికి, నేలపైఁ బ్రాఁతగుడ్డలు పఱచి, రాత్రియెల్లఁ దలుపులు తెఱచి యుంచితిమి. (మా చిన్నవాఁడు అట్లకాడతో మంచు పెల్లగింపఁబోఁగా వారించితిమి. గొట్టమునకుఁ జిల్లి పడినచో లోని వాయువెల్లఁ బోవును.) మఱునాఁడు పంకా చక్కఁగాఁ దిరిగెను.

15 దినములకు మరల నదే గరగర. వేఱొక పనివాఁడు పరీక్షించి, మంచును గరగించు హీటరు కాలిపోయినదని చెప్పి దానిని మార్చెను. కంప్రెసరు నేఁటికినిఁ బ్రాఁతదే. సీసాల నడుమ నొక చిన్న థర్మామీటరు నుంచి, ప్రొద్దుటను సాయంకాలమునను జూచుచున్నాము.