శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లిన టెలిగ్రాం

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కంపించింది. భూకంపం కూల్చినదానికన్నా ఆ వెంటనే రేగిన మంటలు కాల్చిందే ఎక్కువ. సుమారు 28 వేల భవనాలు నాశనమయ్యాయి. చాలామందికి ఉన్నది అగ్నిప్రమాద బీమా, భూకంపానికి కాదు. మరి ఇల్లు ముందు కూలిందా, కాలిందా? కొన్ని కంపెనీలు ఆ మెలిక పట్టుకుని పరిహారంలో కోత పెట్టాయి, కొన్ని చేతులెత్తేశాయి. లండన్‌లోని బీమా మార్కెట్ లాయిడ్స్‌కు చెందిన కుత్‌బర్ట్ హీత్ మాత్రం షరతులతో నిమిత్తం లేకుండా అందరికీ పూర్తిగా చెల్లించమని టెలిగ్రాం పంపాడు. అమెరికాలో లాయిడ్స్ పేరు నిలబడింది ఆ మాట మీదే.

ఆ తర్వాత హీత్ చేసిన పని నా దృష్టిలో ఇంకా గొప్పది. ఇంతటి దెబ్బ మళ్లీ తగిలితే ఎలా అని ఆలోచించి, ‘ఎక్సెస్ ఆఫ్ లాస్’ అనే పునర్బీమాకు, అంటే బీమా కంపెనీలకే ఇచ్చే బీమాకు, రూపమిచ్చాడు. ఒక విపత్తులో మొదటి పది కోట్ల నష్టం కంపెనీ భరిస్తుందనుకుందాం. ఆపైన వచ్చేది, ముందే ఒప్పుకున్న హద్దు వరకు, పునర్బీమా సంస్థ భరిస్తుంది. దానికి ఏటా ప్రీమియం కట్టాలి. చిక్కంతా అక్కడే. విపత్తు రాని ఏడు ఆ డబ్బు దండగ అనిపిస్తుంది. తగ్గిస్తే ఆ ఏడాది లాభం పెరిగి కనిపిస్తుంది. ఆ ఆశను అణచుకోవడం నష్టాలను లెక్కగట్టే గణిత నిపుణుల చేతిలో లేదు, సంస్థను నడిపేవారి చేతిలో ఉంది.

నష్టాల అంచనాల విషయంలోనూ అంతే. 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను ఫ్లోరిడాను తాకింది. కంప్యూటర్ నమూనాలతో విపత్తు నష్టాలను లెక్కగట్టే కారెన్ క్లార్క్, బీమా నష్టం 1,300 కోట్ల డాలర్లు దాటవచ్చని గంటల్లోనే చెప్పారు. చాలామంది నమ్మలేదు. చివరికి అది 1,500 కోట్లు దాటింది. పదికి పైగా కంపెనీలు దివాలా తీశాయి. చేదు లెక్క చెప్పినవారిని కూర్చోబెట్టి వినే అధిపతి లేనిచోట ఎంత మంచి నమూనా అయినా కాగితమే.

అలాంటి దివాలాలు రాకుండా మన దేశంలో బీమా కంపెనీల సాల్వెన్సీ నిష్పత్తి, అంటే చెల్లింపు సామర్థ్యపు కొలత, కనీసం 1.5 ఉండాలని హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. ప్రతి కంపెనీ ఆ అంకెను తన వెబ్‌సైట్‌లో ప్రకటిస్తుంది. ఈసారి పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం ఎంతో చూసే ముందు దాన్ని చూడండి.