ఇంజిను మార్చినా తీరని జబ్బు – మిశ్రమంలో పెట్రోలు చాలకపోవడానికి కారణమెక్కడ?

సరిహద్దు గ్రామాల్లో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. పాలక్యాను సంతకు చేరాలన్నా, బిడ్డ పొరుగు రాష్ట్రంలోని కళాశాలకు వెళ్ళాలన్నా, రాత్రివేళ రోగిని పట్టణానికి తీసుకుపోవాలన్నా అదే ఆధారం. ఇంజిను చెడినప్పుడు కొత్త బండి కొనే స్తోమత లేని కుటుంబాలు చెన్నైలోని పుదుప్పేట వంటి పాత సామాను బజార్ల నుండి మరో ఇంజిను తెచ్చి బిగించుకోవడం పరిపాటి. ఇలా అమర్చిన తరువాత కొన్ని బండ్లను ఒక మొండి జబ్బు పట్టుకుంటుంది. మెకానిక్కులు మారతారు, జెట్లు మారతాయి, ప్లగ్గులు మారతాయి. జబ్బు మాత్రం మారదు.

జబ్బు స్వరూపం

ఒక పాలు పెట్రోలు సంపూర్ణంగా మండడానికి బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ళ గాలి అవసరం. గాలి అంతకు బాగా మించినా, పెట్రోలు తగ్గినా మిశ్రమం పలుచబడుతుంది. అప్పుడు బండి చోక్ వేస్తే తిన్నగా నడుస్తుంది, చోక్ తీస్తే తడబడుతుంది. యాక్సిలరేటరు ఒక్కసారిగా తిప్పితే పికప్ అందదు. యాక్సిలరేటరు వదిలాక కూడా ఇంజిను వేగం వెంటనే దిగదు. పల్లంలో దిగుతున్నప్పుడు సైలెన్సరులో టపటపమనే పేలుళ్ళు వినిపిస్తాయి. ఇంజిను త్వరగా వేడెక్కుతుంది.

దీనిని చిన్న లోపంగా ఎంచరాదు. పలుచని మిశ్రమంతో బరువు మోస్తూ చాలాదూరం నడిచిన ఇంజినులో పొగ వాల్వు కాలిపోవచ్చు, పిస్టను కరిగి రంధ్రం పడవచ్చు. అప్పు చేసి తెచ్చిన ఇంజిను మళ్ళీ పాత సామానుగానే మిగులుతుంది.

ఇంజిను మార్పుతో సంబంధం

పాత బండి కార్బొరేటరు పాత ఇంజినుకు కొలిచి చేసినది. 100 సీసీ బండికి 125 సీసీ ఇంజినును బిగించి పాత కార్బొరేటరునే ఉంచితే జెట్లు చాలకపోవచ్చు. గాలి ఫిల్టరు పెట్టె అమరలేదని దానిని తీసివేసి చిన్న ఫిల్టరు తొడిగితే గాలి మరింత సులువుగా చొరబడి మిశ్రమం ఇంకా పలుచబడుతుంది. కార్బొరేటరును ఇంజినుకు కలిపే రబ్బరు మెడ పాతదైతే సన్నని పగుళ్ళుంటాయి. విప్పి బిగించేటప్పుడు లోపలి రబ్బరు వలయం పక్కకు జరిగినా, ఒక వ్యాక్యూమ్ గొట్టపు ద్వారం మూయడం మరచినా లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది.

మొదటి ప్రశ్న: ఎప్పుడు తడబడుతోంది?

రోగ నిర్ణయంలో తాళంచెవి ఇదే. నిలబెట్టిన బండి ఐడ్లింగులో సరిగా ఆడక, వేగంగా పోతున్నప్పుడు బాగుంటే దొంగగాలిని అనుమానించాలి. ఐడ్లింగులో ఇంజిను పీల్చే గాలి చాలా స్వల్పం గనుక చిన్న పగులు కూడా పెద్ద తేడా చేస్తుంది. వేగంలో ఆ తేడా కలిసిపోతుంది. పైలట్ జెట్ మూసుకున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది కనుక రెండింటినీ చూడాలి. ఇందుకు భిన్నంగా, ఐడ్లింగులో నిమ్మళంగా ఉండి ఎత్తు ఎక్కేటప్పుడో బరువుతోనో తడబడితే పెట్రోలు సరఫరాను, మెయిన్ జెట్‌ను పరీక్షించాలి.

పరీక్షల క్రమం

మొదట గాలి. ఇంజిను ఐడ్లింగులో ఉండగా రబ్బరు మెడ చుట్టూ, జాయింట్ల మీద మంచినీటిని సన్నగా పిచికారీ చేయాలి. ఎక్కడ నీరు పడినప్పుడు ఇంజిను చప్పుడు మారుతుందో అక్కడే చిల్లు. పెట్రోలు చల్లి చూసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. వేడి సైలెన్సరు పక్కన అది ప్రాణాపాయం.

తరువాత పెట్రోలు. ఇంజిను ఆపి చల్లారనిచ్చి, కార్బొరేటరు వద్ద గొట్టం తీసి సీసాలోకి ధార పట్టి చూడాలి. ధార తెగితెగి వస్తే ట్యాంకు కొళాయి వడపోతలో తుప్పు చేరినట్టు. రెండు కిలోమీటర్లు పోయి ఆగిపోయి, ట్యాంకు మూత తెరవగానే ‘స్స్’మని శబ్దం వచ్చి మళ్ళీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినట్టు. ఇవి సరిగా ఉంటే ఫ్లోటు ఎత్తు, జెట్లు చూడాలి.

ఆ తరువాతనే ట్యూనింగు. ఇక్కడొక మెలిక ఉంది. మరమేకు కార్బొరేటరుకు గాలి ఫిల్టరు వైపు ఉంటే సాధారణంగా అది గాలిని నియంత్రిస్తుంది. బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజిను వైపు ఉంటే అది మిశ్రమాన్ని నియంత్రిస్తుంది. వదులు చేస్తే చిక్కబడుతుంది. మారిన కార్బొరేటరు మీద పాత అలవాటుతో తిప్పితే ఫలితం తలకిందులవుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా తీరకపోతే చల్లని ఇంజినులో వాల్వుల సందు, స్పార్కు టైమింగు, సైలెన్సరు జాయింటు చూడాలి. సైలెన్సరు మెడ వద్ద గాలి దూరినా పేలుళ్ళు వస్తాయి. అది మిశ్రమ దోషం కాదు.

ఇంజెక్షను ఉన్న కార్లు, వ్యానుల్లోనూ తర్కం ఇదే. స్కానరులో పెట్రోలు దిద్దుబాటు శాతం ఐడ్లింగులో బాగా ఎక్కువగా ఉండి 2,500 చుట్ల వద్ద తగ్గితే దొంగగాలి. బరువు పెరిగే కొద్దీ పెరిగితే పంపు ఒత్తిడి తక్కువ. ఆక్సిజను సెన్సరుకు ముందు సైలెన్సరులో చిల్లు ఉంటే కంప్యూటరు లేని లోపాన్ని ఉన్నట్టు చూపుతుంది.

నేటి పెట్రోలు

2025లో దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం నెరవేరింది. ఇథనాల్ మండడానికి తనకు సుమారు 9 పాళ్ళ గాలే చాలు. కనుక పాత జెట్‌తో ఈ పెట్రోలు వాడితే మిశ్రమం కొంత పలుచబడుతుంది. అంచుమీద ఉన్న పాత కార్బొరేటరు ఇంజినులో ఇదే ఆఖరి భారం కావచ్చు. పాత రబ్బరు భాగాలను కూడా ఇథనాల్ త్వరగా పాడుచేయగలదు.

కాగితాల మాట

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి మార్పులకు రిజిస్ట్రేషను అధికారి ఆమోదం కావాలి. కొత్త ఇంజిను నంబరును ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. సరిహద్దు దాటి తెచ్చిన ఇంజినుకు బిల్లు తప్పక ఉండాలి. ఆర్‌సీలో, బీమాలో ఒక నంబరు, బండిలో మరొకటి ఉంటే ప్రమాదం జరిగిన రోజున కష్టం రెట్టింపవుతుంది.

మెకానిక్కు వద్ద చెప్పవలసిన మాట ఒక్కటే: ఒకసారి ఒకే మార్పు చేసి, నడిపి చూసి, ఫలితాన్ని కాగితం మీద రాసుకోవాలి. జెట్టు, ప్లగ్గు, ఫిల్టరు మూడూ కలిపి మార్చితే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. అది తెలియని జబ్బు మళ్ళీ వస్తుంది.