ఇల్లు మార్పిడి లెక్క: లారీలో చోటుకే ధర

ఇల్లు మారడానికి నాలుగు ప్యాకర్స్ అండ్ మూవర్స్ సంస్థలను అడిగితే నాలుగు రకాల ధరలు చెబుతారు. ఎవరు ఎంత చెప్పినా, ఆ అంకె వెనుక ఉండేది హైస్కూల్లో చదువుకున్న సాంద్రతే.

14 అడుగుల పొడవు, ఆరేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న లారీలో సుమారు 14 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. అది మూడున్నర టన్నులు మోయగలదనుకుందాం. ఘనపు మీటరుకు 250 కిలోల చొప్పున నింపితేనే చోటు, బరువు రెండూ ఒకేసారి పూర్తవుతాయి. ఇంటి సామాను అంత దట్టంగా ఉండదు. ఘనపుటడుగుకు 7 పౌండ్లు, అంటే ఘనపు మీటరుకు దాదాపు 112 కిలోలు అన్నది ఈ వ్యాపారంలో పాత ఉజ్జాయింపు. ఆ లెక్కన లారీ పైకప్పు దాకా నిండినా బరువు 1,600 కిలోలకు మించదు. ఖాళీ ఫ్రిజ్‌లో ఎక్కువ భాగం గాలే కదా! అందుకే సంస్థ అమ్మేది చోటును. మంచాన్ని విప్పి పలకలుగా పేరిస్తే బరువు తగ్గదు, ఖర్చు తగ్గుతుంది.

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు సుమారు 570 కిలోమీటర్లు. లారీ మొత్తం మాట్లాడుకుంటే, అది సగమే నిండినా టోల్, డ్రైవర్ జీతం తగ్గవు, డీజిల్ కూడా పెద్దగా తగ్గదు. తిరుగు ప్రయాణానికి సరుకు దొరకదనుకుంటే ఆ ఖర్చూ ఇందులోనే కలుస్తుంది. ఇతరుల సామానుతో కలిపి పంపే పార్ట్ లోడ్ చవక. కానీ లారీ నిండేదాకా ఆగాలి, దారిలో ఎక్కించడం, దించడం ఎక్కువ.

ఊళ్లోనే మారితే దూరం కన్నా మెట్లే ఖరీదు. 1,500 కిలోలను తొమ్మిది మీటర్ల ఎత్తుకు, అంటే మూడో అంతస్తుకు చేర్చడానికి భౌతికశాస్త్రం అడిగేది 32 కిలోకేలరీలే. ఒక ఇడ్లీ చాలు! అయితే 20 కిలోల పెట్టెతో పాటు కూలీ తన 60 కిలోల శరీరాన్నీ ప్రతిసారీ పైకి మోయాలి. కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగో వంతే పనిగా మారుతుంది. లిఫ్ట్ లేకపోతే అంతస్తుకింత అని అడగడం అన్యాయమేమీ కాదు.

అన్యాయం మరోచోట జరుగుతుంది. ఫోన్లోనే తక్కువ ధర చెప్పి, సామానంతా లారీ ఎక్కాక "చోటు ఎక్కువ పట్టింది" అంటారు. అప్పుడు బేరమాడే వీలుండదు. ఇంటికి వచ్చి చూసి, వస్తువుల జాబితా, మొత్తం ఘనపుటడుగులు, అంతస్తుల ఛార్జీ కాగితం మీద రాసిచ్చిన కొటేషన్‌నే నమ్మాలి. బీమా సంగతీ అప్పుడే తేల్చుకోవాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, ఎక్కువ రిస్కుకు అదనపు రేటు చెల్లిస్తామని ఒప్పుకోకపోతే, నష్టానికి రవాణాదారు చెల్లించే పరిహారానికి పరిమితి ఉంటుంది.