ఉద్యోగం కోసం ఊరు మారుతున్నారా? ఇల్లు చూసేటప్పుడు పసిబిడ్డను గుర్తుంచుకోండి



బ్రతుకుతెరువు కోసం ఊరు మారడం మనకు కొత్త కాదు. నల్గొండ, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, అనంతపురం వంటి జిల్లాల నుండి ఎన్నో కుటుంబాలు హైదరాబాదుకు వస్తున్నాయి. మరికొన్ని విజయవాడకు, విశాఖపట్నానికి వెళుతున్నాయి. సాధారణంగా ముందు భర్త వెళ్ళి స్నేహితుల గదిలో కొన్నాళ్ళు ఉంటాడు. ఉద్యోగం కుదురుకున్నాక ఒక ఆదివారం నాలుగు టులెట్ బోర్డులు చూసి, ఒక ఇంటికి అడ్వాన్స్ ఇచ్చి, భార్యాబిడ్డలను తీసుకువస్తాడు.

ఆ ఆదివారం ఆయన చూసేవి ఏమిటి? అద్దె ఎంత, పనికి వెళ్ళడానికి బస్సు ఉందా, హాలు విశాలంగా ఉందా. ఇవి చూడవలసినవే. కానీ తండ్రి ఆ ఇంట్లో ఉండేది ఎక్కువగా రాత్రి పూట. బడికి వెళ్ళని పసిబిడ్డ మాత్రం రోజంతా అక్కడే ఉంటుంది. అక్కడి నీరే త్రాగుతుంది, అక్కడి గాలే పీలుస్తుంది, ఆ నేల మీదే ఆడుకుంటుంది. అందుచేత ఇంటిని బిడ్డ కళ్ళతో కూడా ఒకసారి చూడాలి. ఎలా చూడాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

1. నీరు ఎక్కడి నుండి వస్తుంది?

ఇంటి యజమానిని "నీళ్ళు ఉన్నాయా?" అని అడిగితే "పుష్కలంగా ఉన్నాయి" అంటారు. అది చాలదు. మునిసిపల్ నీరా, బోరు నీరా, ట్యాంకరు నీరా అని విడిగా అడగండి. హైదరాబాదులో చాలా ఇళ్ళలో ఈ మూడూ ఒకే సంపులో కలుస్తాయి. అలా కలిసిన నీరు పైకి తేటగా కనిపించినా త్రాగడానికి పనికిరాకపోవచ్చు. త్రాగే నీటికి వేరే కొళాయి ఉంటే మంచిది.

కాచి చల్లార్చిన నీరు క్షేమమని మనకు తెలుసు. నీరు తెర్లుతూ మరిగిన తరువాత ఒక నిమిషం ఉంచితే విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు కలిగించే క్రిములు చనిపోతాయి. అయితే బోరు నీటిలో ఉండే ఫ్లోరైడ్, నైట్రేట్ కాచినా పోవు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ వాటి సాంద్రత ఇంకా పెరుగుతుంది. భారత ప్రమాణాల ప్రకారం త్రాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. నైట్రేట్ ఎక్కువగా ఉన్న నీటితో డబ్బా పాలు కలిపి పట్టితే, నెలల పసికందుకు రక్తంలో ప్రాణవాయువు అందక ఒళ్ళు నీలంగా మారే ప్రమాదం ఉంది. కాబట్టి బోరు నీరే గతి అయితే పరీక్ష చేయించకుండా పిల్లలకు త్రాగించవద్దు. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప నీరు కూడా అవసరం లేదని మరువవద్దు.

మునిసిపల్ నీరు రోజు విడిచి రోజు వచ్చే చోట ఇంకొక సమస్య ఉంది. నీరు రాని సమయంలో గొట్టం ఖాళీగా ఉంటుంది. ఆ గొట్టం మురుగు కాలువను దాటి వస్తూ ఎక్కడైనా పగిలి ఉంటే, మురుగు లోపలికి చేరుతుంది. కొళాయి విప్పిన తరువాత మొదట వచ్చే నీరు రంగు మారి, వాసన వస్తుంటే ఆ ఇంటి విషయం ఆలోచించండి. గర్భిణీ స్త్రీలు ఉన్న ఇంట్లో మరింత జాగ్రత్త కావాలి. కలుషిత నీటి ద్వారా వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు.

2. ఇల్లు పల్లంలో ఉందా?

ఎండాకాలంలో చూసిన ఇల్లు వానాకాలంలో వేరుగా ఉంటుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన భారీ వర్షానికి హైదరాబాదులో ఎన్నో కాలనీలు మునిగిపోయాయి. టోలిచౌకి దగ్గర నదీం కాలనీ వంటి చోట్ల జనం రోజుల తరబడి నీటిలో చిక్కుకున్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ పరిసరాలు మునిగాయి. ఇటువంటి చోట్ల చాలా వరకు ఒకప్పుడు నీరు నిలిచిన, లేక పారిన దారులే. మాసాబ్ ట్యాంక్ అనే పేరులో ట్యాంకు మిగిలింది గానీ అక్కడి చెరువు ఇప్పుడు లేదు. పేరులో చెరువు, కుంట అని ఉన్న కాలనీలో ఇల్లు చూస్తే, అది కట్ట క్రింద ఉందా, చెరువు శిఖంలో ఉందా అని తప్పక విచారించండి.

దీనికి తేలికైన ఉపాయం ఒకటి ఉంది. ఇంటి యజమానిని కాక, వీధి చివర కిరాణా కొట్టు వారిని, ఇస్త్రీ బండి వారిని అడగండి. "వర్షం పడితే నీళ్ళు ఎంత వరకు వస్తాయి?" అంటే వారు చెయ్యి పెట్టి చూపిస్తారు. గోడల మీద మోకాలి ఎత్తున తేమ చార ఉంటే అది కూడా ఒక సాక్ష్యమే.

ముంపు లేకపోయినా నిలువ నీరు ప్రమాదకరం. డెంగ్యూ దోమ మురుగులో కాక మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది. డ్రమ్ములు, కూలర్లు, పాత టైర్లు, పూలకుండీల క్రింది పళ్ళేలు దానికి చాలు. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. ఇది పగటి పూట కుట్టే దోమ. పగలు నిద్రపోయే పసిబిడ్డకు కూడా దోమతెర కావాలి. నీరు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో డ్రమ్ములు నింపక తప్పదు. కాబట్టి ఆ డ్రమ్ములకు గట్టి మూతలు పెట్టి, వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, తోమి ఆరబెట్టండి. ప్రక్కన కట్టుబడి పని జరుగుతుంటే అక్కడి నీటి తొట్లను కూడా గమనించండి.

3. చుట్టుప్రక్కల గాలి

పని చేసే ఫ్యాక్టరీకి దగ్గరగా ఉంటే రాకపోకల ఖర్చు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తండ్రికి అది సౌకర్యమే. కానీ ఆయన పని పూర్తయ్యాక ఆ పొగ నుండి బయటపడతాడు, బిడ్డ పడదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం రెండూ ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ వాయువు లీకై, నిద్రలో ఉన్నవారు కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇళ్ళు కర్మాగారానికి ఆనుకొని ఉన్నాయి. పిల్లలు పెద్దల కంటే వేగంగా శ్వాస తీసుకుంటారు. వారి శరీర బరువుతో పోల్చితే ఎక్కువ గాలి పీలుస్తారు. అందుకే రసాయన కర్మాగారం, చెత్త తగులబెట్టే చోటు, లారీలు తిరిగే పెద్ద రోడ్డు వీటికి వీలైనంత దూరంగా ఇల్లు చూడండి. వాసనలు రాత్రి పూటే ఎక్కువ తెలుస్తాయి కనుక ఒకసారి చీకటి పడ్డాక కూడా వెళ్ళి రండి.

4. ఇంటి లోపల ఏమి చూడాలి?

సంపు: మూత లేని సంపు, లేక బిడ్డ జరపగలిగే రేకు మూత ఉన్న సంపు చాలా ప్రమాదకరం. అడుగు లోతు నీటిలో కూడా పసిబిడ్డ మునిగిపోగలదు. గట్టి మూత, గొళ్ళెం పెట్టించిన తరువాతే సామాను దించండి.

మెట్లు, బాల్కనీ, డాబా: పిట్టగోడ ఎత్తు, కమ్మీల మధ్య సందు చూడండి. బిడ్డ తల దూరేటంత సందు ఉంటే వల కట్టించాలి. డాబాకు తలుపు, తాళం ఉండాలి.

గాలి, వెలుతురు: ఎదురెదురుగా కిటికీలు ఉన్న గది మేలు. గాలి ఆడని ఇరుకు గదిలో ఒకరికి దగ్గు వస్తే అందరికీ అంటుకుంటుంది. క్షయ వ్యాధి కూడా అలాగే వ్యాపిస్తుంది. వంటింటి పొగ, ఆవిరి బయటకు పోయే మార్గం ఉండాలి.

పాత రంగులు: గోడల మీద, కిటికీల మీద పెచ్చులూడుతున్న పాత రంగులో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇంటి రంగులలో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులకు ఆ హద్దు లేదు. పెచ్చులు నోట్లో పెట్టుకునే బిడ్డకు సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పొడిగా గీకితే దుమ్ము లేచి ఇంకా హాని. పిల్లలు రాకముందే తడిపి తీయించి కొత్త రంగు వేయించండి.

5. రాత్రి రెండు గంటలకు ఎక్కడికి వెళతారు?

ఇల్లు చూసిన ప్రతిసారీ ఈ ప్రశ్న వేసుకోండి. పగటి పూట డాక్టర్లు చాలామంది ఉంటారు. హైదరాబాదులో 2018లో ప్రారంభమైన బస్తీ దవాఖానాలలో చిన్న జబ్బులకు ఉచితంగా చూస్తారు, కానీ అవి రాత్రి ఉండవు. పిల్లలకు రాత్రి పూట కూడా వైద్యం చేసే ఆసుపత్రి ఎంత దూరంలో ఉందో తెలుసుకోండి. రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రి పేరు అందరూ వింటారు. శివారు కాలనీ నుండి అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం ముందుగా ఆలోచించరు. 108 అంబులెన్సు మీ సందులోకి రాగలదా అని కూడా చూడండి.

బిడ్డ పాలు లేక నీరు త్రాగలేకపోవడం, త్రాగినదంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, మగతగా పడి ఉండడం, శ్వాస తీసుకుంటుంటే డొక్కలు లోపలికి పోవడం ఇవి ప్రమాద సూచనలు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే వరకు ఆగకూడదు. కొత్త ఊరిలో తల్లికి వీధి పేరు కూడా తెలియకపోవచ్చు. చేరిన రోజే ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు, ఆసుపత్రి ఫోను నెంబరు పెద్ద అక్షరాలతో వ్రాసి తలుపు వెనుక అంటించండి.

6. సామానుతో పాటు కాగితాలు

ఊరు మారినప్పుడు చాలామంది పిల్లలకు ఒకటి రెండు టీకాలు తప్పిపోతాయి. ముఖ్యంగా 9 నెలలకు, 16 నుండి 24 నెలల మధ్య వేయవలసినవి. తల్లీబిడ్డల కార్డు చేతిలో ఉంటే ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా తరువాతి టీకా వేస్తారు. మధ్యలో ఆలస్యమైనా మొదటి నుండి మళ్ళీ మొదలు పెట్టనవసరం లేదు. ఆగిన చోటి నుండి కొనసాగిస్తారు.

కొత్త వీధిలోని అంగన్‌వాడీలో పేరు వ్రాయించండి. ఆరు నెలల నుండి ఆరేళ్ళ వరకు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అక్కడ పోషకాహారం ఇస్తారు. ఆహార భద్రత చట్టం క్రింద ఇచ్చిన రేషన్ కార్డు ఉంటే, సొంత ఊరి కార్డుతోనే కొత్త ఊరిలో బియ్యం తీసుకోవచ్చు. జీతంలో ఈఎస్‌ఐ కోత ఉంటే మీ భార్యాబిడ్డల పేర్లు చేర్పించి, దగ్గరి డిస్పెన్సరీ ఏదో అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు కొత్త ఊరిలో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే విచారించండి. పెద్ద పిల్లల టీసీ రావడం ఆలస్యమైనా, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు ఆ కారణంతో చేర్చుకోవడం ఆపకూడదు.

7. తల్లికి తోడు ఉందా?

సొంత ఊరిలో అత్తగారో, అమ్మో, ప్రక్కింటి పిన్నో బిడ్డను ఒక గంట ఎత్తుకునేవారు. కొత్త ఊరిలో నాలుగు గోడల మధ్య తల్లి ఒక్కతే మిగులుతుంది. నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, తిండి మీద, బిడ్డ మీద ఆసక్తి పోవడం రెండు వారాలకు మించి ఉంటే అది బద్ధకం కాదు, దిగులు జబ్బు. వైద్యంతో నయమవుతుంది. డాక్టరుకు చూపించండి.

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు భార్యను కూడా తీసుకువెళ్ళండి. నిర్ణయంలో ఆమె మాటకు విలువ ఇవ్వండి. మన వైపు వారు, లేదా చిన్న పిల్లలున్న కుటుంబాలు ఉన్న వీధి అయితే ఒక గది తక్కువైనా మేలే.

ఏది వదులుకోవచ్చు? ఏది వదులుకోకూడదు?

అన్నీ కుదిరే ఇల్లు మన జీతానికి దొరకదు. ఇది నిజం. హాలు చిన్నదైనా ఫరవాలేదు. రంగులు పాతబడినా బాగు చేయించుకోవచ్చు. తండ్రి ఇంకొక అరగంట బస్సులో ప్రయాణం చేయవలసి వచ్చినా సర్దుకోవచ్చు. కానీ మూడు విషయాలలో సర్దుకోవద్దు. నీరు నిలిచే పల్లంలో ఇల్లు, త్రాగే నీటికి నమ్మకమైన ఏర్పాటు లేని ఇల్లు, రాత్రి పూట వైద్యానికి అందని ఇల్లు. అద్దె నెలకు వెయ్యి, రెండు వేలు తగ్గిందని ఇలాంటి ఇంట్లో దిగితే, నీళ్ళ డబ్బాలు, ఆటో ఛార్జీలు, మందులు, బిడ్డకు జబ్బు చేసిన రోజు పోయే జీతం కలిపి లెక్క వేయండి. ఆ ఇల్లు చవక కాదని మీకే అర్థమవుతుంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చేయండి:

- ఇంటిని పగలు ఒకసారి, రాత్రి ఒకసారి, వీలైతే వర్షం పడిన మరుసటి రోజు ఒకసారి చూడండి.
- వీధిలోని ఇద్దరు తల్లులను అడగండి: పోయిన వానాకాలం మీ పిల్లలకు ఏ జబ్బులు వచ్చాయి?
- కొళాయి విప్పి, నీటిని గాజు గ్లాసులో పట్టి చూడండి.
- సంపు మూత, బాల్కనీ కమ్మీలు చేతితో కదిపి చూడండి.
- ఇంటి నుండి ఆసుపత్రి వరకు ఒకసారి వెళ్ళి, పట్టే సమయం చూసుకోండి.
- ఇల్లు పూర్తిగా సిద్ధమయ్యే వరకు బిడ్డను, తల్లిని ఇంకొక నెల సొంత ఊరిలోనే ఉంచినా తప్పు లేదు.

ఇప్పటికే ఇలాంటి ఇంట్లో దిగిన వారు భయపడనవసరం లేదు. ఈ రోజే సంపుకు మూత వేయించండి, డ్రమ్ములు కడగండి, టీకాల కార్డు బయటకు తీసి తేదీలు చూడండి. వానాకాలం వచ్చేలోగా మెరక మీద ఇంకొక ఇల్లు వెదకండి.