నెహ్రూ–రాజాజీ లేఖల్లో ఆంధ్ర రాష్ట్రావతరణ

ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో 58 రోజులు నిరాహార దీక్ష చేసిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న అసువులు బాశారు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, రాష్ట్ర ఏర్పాటు నిర్ణయాన్ని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పార్లమెంటులో ప్రకటించారు. ఈ తేదీలు పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. అయితే ఆ నిర్ణయం వెనుక ప్రభుత్వ వైఖరి ఎలా మారిందో తెలిపేవి నాటి నాయకుల లేఖలు.

కోరిక కొత్తది కాదు. నెహ్రూ, వల్లభ్‌భాయి పటేల్, పట్టాభి సీతారామయ్య సభ్యులుగా గల జేవీపీ కమిటీ 1949లోనే ఆంధ్ర రాష్ట్రానికి సానుకూలత చూపింది. మద్రాసు నగరంపై హక్కును ఆంధ్రులు వదులుకోవాలన్నది షరతు. చిక్కుముడి అక్కడే పడింది.

శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్ష ప్రారంభించేనాటికి మద్రాసు ముఖ్యమంత్రి చక్రవర్తుల రాజగోపాలాచారి. దీక్ష 46వ రోజైన డిసెంబరు 3న నెహ్రూ ఆయనకు లేఖ రాశారు. తనకు తంతులు వస్తున్నా చలించబోననీ, దీక్షను పట్టించుకోదలచలేదనీ అందులో తెలిపారు. తొమ్మిది రోజులు గడిచేసరికి స్వరం మారింది. డిసెంబరు 12 నాటి లేఖలో, ఆంధ్రుల కోరికను అంగీకరించవలసిన సమయం వచ్చిందనీ, జాప్యం జరిగితే వారిలో నిస్పృహ ముదురుతుందనీ హెచ్చరించారు. ఆ మాట బహిరంగ ప్రకటనగా వెలువడకముందే, మూడు రోజుల్లో శ్రీరాములు కన్నుమూశారు.

బహిరంగ ప్రకటన నిర్ణయాన్ని మాత్రమే చెబుతుంది. లేఖ ఆ నిర్ణయానికి ముందున్న సందేహాన్ని, పట్టుదలను, పునరాలోచనను కూడా చూపుతుంది. నెహ్రూ 1947 అక్టోబరు నుంచి ముఖ్యమంత్రులకు పక్షానికొకసారి లేఖలు రాసే ఆనవాయితీని నెలకొల్పారు. అవి తరువాత అయిదు సంపుటాలుగా వెలువడ్డాయి. పటేల్ ఉత్తర ప్రత్యుత్తరాలు పది సంపుటాలుగా ముద్రితమయ్యాయి.

అమెరికాలో వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, మాడిసన్, హామిల్టన్ వంటి తొలితరం నేతల లేఖలను అక్కడి జాతీయ అభిలేఖాగారం అంతర్జాలంలో ఉచితంగా అందిస్తోంది. మన దేశంలో 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం, శాశ్వతంగా భద్రపరచవలసిన కేంద్ర ప్రభుత్వ దస్త్రాలు 25 ఏళ్ల తరువాత జాతీయ అభిలేఖాగారానికి చేరాలి. వాటిలో కొన్నింటిని ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో చూడవచ్చు. ఢిల్లీ, ఘాజియాబాద్ పరిసరాల్లోని తెలుగు విద్యార్థులకు జనపథ్‌లోని ఆ భవనం అందుబాటులోనే ఉంది.

లేఖ ఒక్కటే పూర్తి సత్యం కాదు. దానిని ప్రత్యుత్తరంతో, ప్రభుత్వ దస్త్రాలతో, నాటి పత్రికలతో సరిపోల్చి చదవాలి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా అవతరించిన ఆంధ్ర రాష్ట్ర చరిత్రలో, డిసెంబరు 3కూ 12కూ మధ్య గడిచిన తొమ్మిది రోజుల విలువ ఎంతటిదో అప్పుడే అర్థమవుతుంది.