మల్టీఫోకల్ అంటే ఏంటి? కళ్లజోడులో ఒకటి, రిపోర్టులో ఇంకొకటి

ఇంట్లో ఎవరికి స్కాన్ తీసినా ఆ రిపోర్ట్ పీడీఎఫ్ ముందు వచ్చేది మన ఫోన్‌కే కదా. "ఏం రాశారో చూడరా" అని అమ్మ అడుగుతుంది. తెరిచి చూస్తే మల్టీఫోకల్ అనే మాట కనబడుతుంది. వెతికితే సగం పేజీలు కళ్లజోళ్ల గురించి, మిగతా సగం క్యాన్సర్ గురించి. ఒకటి చూస్తే "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది, ఇంకోటి చూస్తే గుండె జారిపోతుంది. రెండూ తొందరపాటే. ఈ రోజు ఆ మాట సంగతి చూద్దాం.

మల్టీ అంటే చాలా, అది మనకు తెలిసిందే. ఫోకస్ లాటిన్ మాట. అసలు అర్థం పొయ్యి. అద్దంలోంచి వెళ్లిన ఎండ ఒక చుక్క దగ్గర కలిసి కాగితాన్ని కాలుస్తుంది చూడండి, ఆ చుక్కే ఫోకస్. వైద్యంలో అయితే, సమస్య మొదలైన లేదా కనిపిస్తున్న చోటుని ఫోకస్ అంటారు. అంటే ఒకే మాటకి రెండు దారులు.

ముందు కళ్లజోడు. నాన్న ఫోన్‌ని చెయ్యి చాచి దూరంగా పెట్టి చదువుతున్నారా? అదే చత్వారం. నలభై దాటాక కంట్లోని సహజమైన లెన్స్ మెత్తదనం తగ్గి, దగ్గరి అక్షరాలు మసగ్గా కనిపిస్తాయి. దూరానికి ఒక పవర్, దగ్గరికి ఒక పవర్ కావాలి. రెండూ ఒకే అద్దంలో, మధ్యలో గీతతో ఉంటే బైఫోకల్. గీత లేకుండా పైనుంచి కిందికి పవర్ మెల్లగా మారితే ప్రోగ్రెసివ్. ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ మెటెనాజ్ తయారుచేసిన వారిలక్స్ 1959లో మార్కెట్‌లోకి వచ్చాక ఈ రకం బాగా వ్యాపించింది. ఇవన్నీ మల్టీఫోకల్ కుటుంబమే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ అద్దాల కింది భాగం దగ్గరి చూపుకి. మెట్లు దిగేటప్పుడు కళ్లు మాత్రమే కిందికి దించితే ఆ భాగంలోంచి చూస్తారు, మెట్టు మసగ్గా కనబడి అడుగు తప్పుతుంది. అందుకే కొత్త జోడు పెట్టుకున్న పెద్దవాళ్లకి మనం చెప్పాల్సింది ఇదీ: తల వంచి, అద్దం పైభాగంలోంచి మెట్టు చూడండి, రెయిలింగ్ పట్టుకోండి. పక్కకి చూడాలంటే కళ్లు కాదు, తలే తిప్పాలి. అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది.

శుక్లం ఆపరేషన్‌లో కూడా మల్టీఫోకల్ లెన్స్ పెడతారు. కళ్లజోడు అవసరం బాగా తగ్గొచ్చు. కానీ కొందరికి రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. ఇది జోడులా తీసి పక్కన పెట్టేది కాదు. రాత్రి బండి నడిపేవాళ్లయితే ఆ మాట ఆపరేషన్‌కి ముందే డాక్టర్‌కి చెప్పాలి.

ఇప్పుడు రిపోర్ట్. ఇక్కడ మల్టీఫోకల్ అంటే "ఒకటికంటే ఎక్కువ చోట్ల" అని, అంతే. అది జబ్బు పేరు కాదు. ఊపిరితిత్తుల స్కాన్‌లో ఉంటే, మచ్చలు చాలా చోట్ల ఉన్నాయని. కోవిడ్ రోజుల్లో చాలామంది సీటీ రిపోర్టుల్లో ఈ మాట చూశాం. ఈసీజీ విషయంలో మల్టీఫోకల్ ఏట్రియల్ టాకికార్డియా అంటే, గుండె పైగదుల్లో వేర్వేరు చోట్ల నుంచి సంకేతాలు పుట్టి గుండె వేగంగా, లయ తప్పి కొట్టుకోవడం. ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

అందరూ భయపడేది రొమ్ము క్యాన్సర్ రిపోర్ట్. రొమ్ముని నాలుగు భాగాలు అనుకోండి. ఒకే భాగంలో రెండు లేదా ఎక్కువ గడ్డలుంటే మామూలుగా మల్టీఫోకల్ అంటారు, వేర్వేరు భాగాల్లో ఉంటే మల్టీసెంట్రిక్. ఆపరేషన్ ఎలా చెయ్యాలనే నిర్ణయానికి ఇది ముఖ్యం. కానీ "ఒళ్లంతా పాకింది" అని దీని అర్థం కాదు. వేరే అవయవాలకి పాకితే దాన్ని మెటాస్టాసిస్ అంటారు, అది వేరే మాట.

కాబట్టి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మల్టీఫోకల్ అనే మాట ఎన్ని చోట్ల అనేది చెబుతుంది, ఏమిటనేది చెప్పదు. దాని పక్కనున్న మాట చదవండి. అమ్మకి వెంటనే ఏదో ఒకటి చెప్పేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: చాలా చోట్ల ఉన్నది ఏంటి? ఎక్కడెక్కడ ఉంది? దీనివల్ల ట్రీట్‌మెంట్ మారుతుందా?

ఆ జవాబులు వచ్చాక ఇంట్లో ధైర్యంగా మాట్లాడొచ్చు. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో, ఇంకో మాటతో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.