ఓడ రైలులా కాదు, తర్వాతి స్టేషన్‌లో అందుకోలేం: క్రూయిజ్ తొలి రోజుకు సిద్ధమయ్యేదెలా?

లాల్‌ఖదాన్ (బిలాస్‌పూర్): తెలుగులో బస్సు ఎక్కుతాం, రైలు ఎక్కుతాం, ఓడ కూడా ఎక్కుతాం. మూడింటికీ క్రియ ఒక్కటే. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, పట్టాల చప్పుడు మధ్య పెరిగిన కుటుంబం తొలిసారి విహార నౌకలో టికెట్ తీసుకున్నప్పుడు ఈ ఒక్క క్రియే చిక్కు తెచ్చిపెడుతుంది. రైలు ఎక్కడమంటే బండి కదిలే వేళకు ప్లాట్‌ఫారంపై ఉండడం. ఓడ ఎక్కడమంటే అది కదలడానికి గంటల ముందే పత్రాలు చూపించి, తనిఖీలు దాటి, ప్రయాణికుల జాబితాలో పేరు ఖాయం చేసుకోవడం. తొలి రోజు ప్రశాంతంగా గడుస్తుందా, రేవు గేటు బయటే ముగిసిపోతుందా అన్నది ఈ తేడాను గుర్తించడంపైనే ఆధారపడి ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శివారు ప్రాంతమైన లాల్‌ఖదాన్ పేరుకు హిందీలో ‘ఎర్ర గని’ అని అర్థం. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూరే ప్రధాన కేంద్రం. ఈ పట్టణాన్ని రైల్వే పటంలోకి తెచ్చింది మాత్రం 19వ శతాబ్దం చివర ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే. ఆ కంపెనీ కొలువులతోపాటే ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీలకు చేరాయి. విశాఖ రేవు నిర్మాణాన్ని చేపట్టింది కూడా అదే కంపెనీ కావడం విశేషం. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని తూర్పు తీరానికి చేర్చాలన్నది అప్పటి ప్రధాన ఉద్దేశం. రాయపూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తికాగా, 1933 అక్టోబరులో సముద్రయాన నౌకలకు విశాఖ రేవు తెరుచుకుంది. బిలాస్‌పూర్ తెలుగువారికి విశాఖ అంటే సొంతూరికి వెళ్లే దారిలోని పెద్ద స్టేషన్. ఇప్పుడు అది విహారయాత్రకు ఓడ ఎక్కే చోటు కూడా అయింది.

కార్డేలియా క్రూయిజెస్ సంస్థకు చెందిన ‘ఎంప్రెస్’ నౌక 2022 జూన్‌లో తొలిసారి విశాఖకు వచ్చింది. 1990లో నిర్మితమైన 11 అంతస్తుల నౌక ఇది. సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన విశాఖ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. మరుసటి ఏడాది సెప్టెంబరులో కేంద్రం ‘క్రూయిజ్ భారత్ మిషన్’ను ప్రకటించింది. ఇక్కడి నుంచి నౌకలు రైళ్లలా ఏడాది పొడవునా నడవవు. రుతువును బట్టి కొన్ని తేదీల్లోనే ఉంటాయి. అందువల్ల ఒకసారి తప్పిపోతే మరుసటి వారం చూసుకుందామన్న మాటే ఉండదు.

టికెట్‌పై చూడవలసిన గడియారం

క్రూయిజ్ టికెట్‌పై సాధారణంగా రెండు సమయాలు ఉంటాయి. ఒకటి నౌక బయల్దేరే సమయం, రెండోది ఎక్కించుకోవడం ముగిసే సమయం. రైలు ప్రయాణాలకు అలవాటుపడిన చూపు సహజంగానే మొదటిదానిపై నిలుస్తుంది. అసలు గడువు రెండోదే. సంస్థను బట్టి, మార్గాన్ని బట్టి ఇది మారుతుంది గానీ, నౌక కదలడానికి గంట నుంచి రెండు గంటల ముందే తలుపులు మూయడం పరిపాటి. ఆ లోపు ఎవరెవరు నౌకలో ఉన్నారన్న తుది జాబితా సిద్ధం కావాలి. ఆ తర్వాత వచ్చినవారు ఎదురుగా కనిపిస్తున్న ఓడను చూస్తూ నిలబడవలసిందే.

‘ఒక్క పది నిమిషాలు ఆపలేరా’ అన్న ప్రశ్న సహజం. ఆపలేరు. రేవులోంచి నౌకను బయటకు నడిపేందుకు పోర్టు పైలట్ వస్తాడు. ఓడను పక్కకు లాగే టగ్గులు ముందే కేటాయించి ఉంటాయి. అదే బెర్తుకు, అదే మార్గానికి వేరే నౌకలు వేచి ఉంటాయి. ఒకరి కోసం నౌక ఆలస్యమైతే తదుపరి రేవులో దాని వంతు కూడా తప్పుతుంది. ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి వేగం పెంచితే ఇంధన వ్యయం విపరీతంగా పెరుగుతుంది. నౌక బయల్దేరే విషయంలో కెప్టెన్ మాటే చివరిదైనా, ఇన్ని బంధనాల మధ్య ఆయనకు మిగిలే వెసులుబాటు చాలా తక్కువ.

రైల్వేలో ఎక్కే స్టేషన్‌ను మార్చుకోవచ్చు. బండి తప్పిపోతే రోడ్డు మార్గాన ముందుకెళ్లి మరో స్టేషన్‌లో అందుకున్నవారి కథలు ప్రతి రైల్వే కాలనీలోనూ వినిపిస్తాయి. ఓడ విషయంలో ఆ ఆశ పెట్టుకోకూడదు. తర్వాతి రేవులో ఎక్కాలంటే సంస్థ అంగీకారం, అక్కడి అధికారుల అనుమతి రెండూ కావాలి. ఖర్చు ప్రయాణికుడిదే. డబ్బు సంగతి ఇంకా కఠినం. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే టికెట్ సొమ్ము తిరిగి వస్తుంది. వేళకు రాని క్రూయిజ్ ప్రయాణికుడికి మాత్రం సాధారణంగా ఏమీ రాదు. ప్రయాణ బీమా తీసుకునేవారు, నౌక తప్పిపోతే పరిహారం వర్తిస్తుందా, రైలు ఆలస్యాన్ని అందుకు కారణంగా అంగీకరిస్తారా అన్నది పత్రంలో చదివి మరీ తీసుకోవాలి.

తొలి రోజు ముందు రోజే మొదలవుతుంది

బిలాస్‌పూర్ నుంచి విశాఖకు రైలు మార్గంలో దూరం సుమారు 640 కిలోమీటర్లు. కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బిలాస్‌పూర్ దాటి రాత్రంతా ప్రయాణించి ఉదయానికి విశాఖ చేరుతుంది. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ బిలాస్‌పూర్‌కు రాదు. దానికోసం రాయపూర్ వెళ్లాలి. ఉదయం దుర్గ్‌లో బయల్దేరి మధ్యాహ్నానికల్లా విశాఖలో ఉంటుంది.

కాగితంపై ఈ లెక్క ఎంతో ముచ్చటగా కనిపిస్తుంది. ఉదయం రైలు దిగి, స్నానం చేసి, సాయంత్రం ఓడ ఎక్కేయవచ్చని అనిపిస్తుంది. ఇక్కడే పొరబాటు జరుగుతుంది. టిట్లాగఢ్, రాయగడ మీదుగా కొండల మధ్య నుంచి సాగే ఈ దారిలో వర్షాకాలపు అంతరాయాలు, మరమ్మతుల కోసం బండ్లను ఆపడం, దారి మళ్లించడం కొత్తేమీ కాదు. రైల్వే కుటుంబాలకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. తెలిసినా, అది ఓడ గడువుతో ముడిపడుతుందన్న సంగతే స్ఫురించదు. విశ్రాంత ఉద్యోగులు పాస్‌పై రిజర్వేషన్ చేయించుకునేటప్పుడు ఒక రోజు ముందు తేదీకే చేయించుకోవడం మేలు. విశాఖలో ఒక రాత్రి బసకు అయ్యే ఖర్చును యాత్ర వ్యయంలో భాగంగానే లెక్కించాలి. ఈ ఏర్పాట్లన్నింటిలో ఏదో ఒక్కటే చేయగలమంటే చేయవలసింది ఇదే. తక్కినవన్నీ మరిచినా సర్దుకోవచ్చు.

పైగా ఆ రాత్రి బంధువుల ఇంటే గడిపే వీలు బిలాస్‌పూర్ తెలుగువారిలో చాలామందికి ఉంటుంది. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో దిగి మరునాడు వస్తామనుకునేవారు మాత్రం మళ్లీ అదే ఆలస్యపు లెక్కలోకి వస్తారు.

చేతి సంచీలో ఏముండాలి?

రైల్లో సామాను బెర్తు కిందే ఉంటుంది. ఓడలో అలా కాదు. టెర్మినల్ వద్దే పెద్ద పెట్టెలకు గది సంఖ్య రాసిన చీటీలు కట్టి సిబ్బందికి అప్పగించాలి. స్కానింగ్ పూర్తయ్యాక అవి గది గుమ్మం దగ్గరకు చేరేసరికి సాయంత్రం కావచ్చు, కొన్నిసార్లు రాత్రి కూడా కావచ్చు. మధుమేహం, రక్తపోటు మందులు పెట్టెలో పెట్టినవారు మధ్యాహ్నపు మాత్రకు ఇబ్బంది పడేది అందుకే. గుర్తింపు పత్రాలు, మందులు, వైద్యుని చీటీ, కళ్లద్దాలు, ఫోన్ చార్జర్, ఒక జత బట్టలు, పిల్లల అవసరాలు విడిగా చిన్న సంచీలో ఉంచుకోవాలి.

దేశంలోని రేవుల మధ్య తిరిగే నౌకకు పాస్‌పోర్టు అవసరం ఉండదు. ఆధార్, ఓటరు కార్డు వంటి ఫొటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు పత్రం సాధారణంగా సరిపోతుంది. శ్రీలంక వంటి దేశానికి వెళ్లే మార్గమైతే కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, ఆ దేశపు ప్రవేశ అనుమతి తప్పనిసరి. టికెట్‌లోని పేరు, గుర్తింపు పత్రంలోని పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటై ఉండాలి. తెలుగు ఇంటిపేర్లకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒక పత్రంలో పొడి అక్షరంగా, మరొకదానిలో పూర్తిగా, ఇంకొకదానిలో పేరు చివర ఉండడం మనలో సర్వసాధారణం. హిందీ ప్రాంతంలో తయారైన పత్రాల్లో అక్షరక్రమం కూడా మారిపోతుంటుంది. ఇది కౌంటర్ దగ్గర కాక, టికెట్ కొనే రోజునే సరిచూసుకోవలసిన విషయం. వెబ్ చెక్-ఇన్ సదుపాయం ఉంటే ఇంటి దగ్గరే పూర్తిచేసుకోవడం వల్ల ఈ తప్పులు ముందుగానే బయటపడతాయి.

గర్భిణులకు, పసిపిల్లలకు పరిమితులున్నాయి. 24 వారాలు నిండిన గర్భిణులను, ఆరు నెలలలోపు శిశువులను చాలా సంస్థలు అనుమతించవు.

ఇక నిషేధిత వస్తువుల సంగతి. ఓడలో అన్నింటికన్నా భయపెట్టేది నీరు కాదు, నిప్పు. నడి సముద్రంలో అగ్నిమాపక వాహనం రాదు. కాబట్టి ఇస్త్రీ పెట్టె, విద్యుత్ కెటిల్, కొవ్వొత్తులు, అగరుబత్తీలు, కర్పూరం వంటివి అనుమతించరు. నిత్యం దీపం పెట్టే అలవాటున్న పెద్దవారికి ఈ సంగతి ఇంటి దగ్గరే చెప్పి ఒప్పించడం మంచిది. తనిఖీ వరుసలో నిలబడి వాదించాల్సిన పరిస్థితి రాకూడదు. రైలు ప్రయాణమంటే పులిహోర, పెరుగన్నం మూట తప్పనిసరిగా ఉండే ఇళ్లలో మరో నిరాశ కూడా ఎదురవుతుంది. ఇంట్లో వండిన పదార్థాలను చాలా నౌకలు లోపలికి రానివ్వవు. ఆ మూట రేవు చేరేలోపే ఖాళీ కావాలి.

ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత

నౌకలోకి అడుగుపెట్టగానే అందరి చూపూ భోజనశాల మీదా, ఈతకొలను మీదా ఉంటుంది. అయితే తొలి రోజు కార్యక్రమాల్లో తప్పించుకోవడానికి వీల్లేనిది ఒకటుంది. అది ప్రాణరక్షణ అభ్యాసం. ప్రమాదం జరిగితే ఎక్కడ గుమిగూడాలి, లైఫ్ జాకెట్ ఎలా ధరించాలి, ప్రాణరక్షక పడవ ఏ వైపున ఉంది అన్నవి ఇందులో చూపిస్తారు.

1912లో టైటానిక్ మునక తర్వాత, 1914లో రూపొందిన అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం నుంచి నేటి నిబంధనలు పెరుగుతూ వచ్చాయి. ఇటీవలి వరకూ ప్రయాణికులు ఎక్కిన 24 గంటల్లోగా ఎప్పుడైనా ఈ అభ్యాసం జరపవచ్చని ఉండేది. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి వద్ద ‘కోస్టా కంకార్డియా’ రాతిని ఢీకొని ఒరిగిపోయింది. 32 మంది మరణించారు. ఆ సాయంత్రమే చివిటావెక్కియా రేవులో ఎక్కిన ప్రయాణికులకు అప్పటికి అభ్యాసమే జరగలేదు. నిబంధన ప్రకారం గడువు ఇంకా మిగిలే ఉంది. ఆ దుర్ఘటన తర్వాత నియమం మారింది. 2015 జనవరి 1 నుంచి నౌక బయల్దేరే ముందు గానీ, బయల్దేరిన వెంటనే గానీ అభ్యాసం పూర్తికావాలి.

అత్యవసర హెచ్చరిక ఏడు చిన్న కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత. ఇంజిన్ కూతల్లోని తేడాలను చెవితోనే పోల్చుకునే రైల్వే కాలనీ వారికి ఇది గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. ప్రయాణికుడికి ఇచ్చే కార్డుపై గుమిగూడే చోటి గుర్తు ముద్రించి ఉంటుంది. గది నుంచి అక్కడికి మెట్ల దారిన ఒకసారి నడిచి చూసుకోవాలి. ప్రమాద సమయంలో లిఫ్టులు వాడకూడదు కనుక, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు తోడుంటే ఎన్ని మెట్లున్నాయో ముందే తెలియడం అవసరం.

సముద్రం చెప్పే షరతులు

నైరుతి రుతుపవనాల కాలంలో బంగాళాఖాతం అలజడిగా ఉంటుంది. నౌక ఊగిసలాట ముందు, వెనుక కొసల్లోనూ, పై అంతస్తుల్లోనూ ఎక్కువ. మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తక్కువ. తూకం బల్ల కొసన కూర్చున్నవారు ఎక్కువగా, మధ్యలో కూర్చున్నవారు తక్కువగా కదిలినట్టే ఇదీ. బస్సు ప్రయాణంలోనే వాంతులయ్యేవారు గదిని ఎంచుకునేటప్పుడు ఇది గమనించాలి. ప్రోమెథజీన్ వంటి మందులు కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. వైద్యుని అడిగి ముందే వేసుకోవాలి. మగత వస్తుందని గుర్తుంచుకోవాలి. తొలి రాత్రి మితంగా తినడం, డెక్‌పైకి వచ్చి దిగంతరేఖను చూస్తూ కూర్చోవడం కూడా ఉపశమనాన్నిస్తాయి.

ప్రణాళిక ప్రకారమే అన్ని రేవులూ చూస్తామన్న భరోసా ఉండదు. 2022 జూన్‌లో, విశాఖకు తొలి యాత్రల సమయంలోనే, ప్రభుత్వ అనుమతి రాకపోవడంతో ‘ఎంప్రెస్’ ప్రయాణికులు పుదుచ్చేరిలో దిగలేకపోయారు. వాతావరణం వల్ల కూడా ఇలా జరగవచ్చు. రేవును మార్చే, దాటవేసే హక్కు సంస్థకు ఉందని టికెట్ షరతుల్లోనే ఉంటుంది. ఒక ఊరు చూడడం కోసమే క్రూయిజ్ ఎక్కేవారు ఈ వాక్యాన్ని వెతికి చదవాలి.

చివరిగా ఫోన్. తీరం దాటిన కాసేపటికే మామూలు సిగ్నల్ పోతుంది. అప్పుడు ఫోన్ తనంతట తానే నౌకలోని ఉపగ్రహ ఆధారిత నెట్‌వర్క్‌ను పట్టుకునే అవకాశం ఉంది. ఆ చార్జీలు దేశీయ చార్జీలతో పోల్చలేనంత ఎక్కువ. అందుకే డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక్కి వెళుతుండగానే, బిలాస్‌పూర్‌లో ఇంటికి ‘ఓడ ఎక్కేశాం’ అని చెప్పి ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయడం మంచిది. గదికి తిరిగి వెళ్లేసరికి పెట్టెలు గుమ్మం దగ్గర ఉండవచ్చు. లేకపోతే చేతి సంచీలో ఒక జత బట్టలు ఎలాగూ ఉన్నాయి.